మా వార్డు ఘ్రాణ సంఘం

కాలవలు కట్టేసిన కొద్ది రోజులకే మా వార్డులో కుళాయి నీళ్ళకి వాసన మొదలవుతుంది. గోదావరి కాలవలో పారుదల ఆగిపోయాక మునిసిపాలిటీ వారు వేసవి కోసం చెరువులో నిలవచేసిన నీళ్ళు తోడి పంపుతారు. ఎండకి ఆ చెరువులో నాచు పెరుగుతుంది. గట్టు మీది ఆకులు రాలి అందులో కుళ్ళుతాయి. చేపలు కూడా తమ వంతు సాయం చేస్తాయి. ఆ నీళ్ళు గ్లాసులో పోసుకుని నోటి దగ్గర పెట్టుకుంటే, ఎవరో తడి గోనెసంచి తెచ్చి మన మొహం మీద ఆరేసినట్టుంటుంది. మా ఆవిడ కామేశ్వరి ఉన్న రోజుల్లో కుండలో వట్టివేళ్ళు వేసి, ఆ వాసనని ఇంకో వాసనతో సర్దిచెప్పేది. ఆవిడ పోయాక నేను ఊపిరి బిగబట్టి తాగడం నేర్చుకున్నాను. ఊపిరి బిగబడితే సగం వాసన తెలియదు. చిన్న మేలే అయినా అదీ మేలే.

ఈ ఏడు ప్రభుత్వం మా మీద దయతలిచి, ప్రయోగం కింద మా ఒక్క వార్డు ట్యాంకుకి బొగ్గు ఫిల్టరు బిగించింది. నిలువెత్తు ఉక్కు డ్రమ్ము. దాని నిండా కొబ్బరి చిప్పలు కాల్చి చేసిన బొగ్గు పలుకులు. ఉద్యోగమంతా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కనక ప్రారంభోత్సవం నాడు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు.

"ఇది కుంపట్లో వేసే బొగ్గు కాదు. బాగా కాగిన ఆవిరి పట్టించి, పలుకు పలుకుకీ కంటికి కనపడని తూట్లు పడేలా చేసిన బొగ్గు. నాచు, కుళ్ళిన ఆకులు నీళ్ళలో వదిలిన పదార్థమంతా ఆ తూట్ల గోడలకి అతుక్కుపోతుంది. వాసన కూడా దాంతోనే పోతుంది. కాకపోతే ఆ తూట్లు నిండిపోయాక బొగ్గు పనిచెయ్యదు. పాతది తోడేసి కొత్తది పొయ్యాలి," అన్నాను. "కాకపోతే" దగ్గర మైకు పోయింది. ఆ తరవాతి మాటలు నాకూ, మైకు బాగుచేస్తున్న కుర్చీల షాపాయనకీ మాత్రమే వినపడ్డాయి.

మర్నాడు పొద్దున్న వీధంతా గ్లాసులు పట్టుకుని బయటికొచ్చి ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఏ వాసనా లేదు. నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి. నేను ఊపిరి వదిలి, గ్లాసుడూ తీరిగ్గా తాగాను.

ఆ ఆనందంలో ఉండగానే పైనించి సర్క్యులరు వచ్చింది.

మా కమిషనరు విశ్వంభరరావుగారు దాన్ని కౌన్సిలు హాల్లో నిలబడి చదివారు. వాసన లేని నీళ్ళిచ్చే పట్టణానికి 'నిర్గంధ జల పురస్కారం' ఇస్తారు. నీళ్ళకి వాసన ఉందో లేదో తేల్చే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కనక, ఆ పని మనుషుల ముక్కులే చెయ్యాలి. అందుకోసం ఎంపిక చేసిన ముక్కులతో ఒక ఘ్రాణ సంఘం వెయ్యాలి. సదరు సంఘ సభ్యుల ముక్కులకు పరిసర వాసనల నుండి సంపూర్ణ రక్షణ కల్పించవలెను.

"ఈ చివరి వాక్యమే ఈ పథకానికి ప్రాణవాయువు," అన్నారు కమిషనరుగారు, రుమాల్లో గట్టిగా చీదుతూ.

ఆయనకి ఏడాది పొడుగునా రొంప. అయినా హోదా రీత్యా మొదటి ముక్కు ఆయనదే. నీళ్ళు బావులేవని ఏటేటా అర్జీ పెట్టేవాణ్ణి నేనే కాబట్టి రెండో ముక్కు నాది. మూడోది గవర్రాజుగారిది. ఆయన ఎక్సైజు ఇనస్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏటికి ఇవతలి ఒడ్డున పడవ ఎక్కకుండానే, అవతలి ఒడ్డు మీద సారాబట్టీ ఎక్కడుందో వేలుపెట్టి చూపించిన ముక్కు ఆయనది.

మొదటి పరీక్ష చక్కగా ఏర్పాటు చేశారు. గాజుకుప్పెలో నీళ్ళు కొంచెం గోరువెచ్చగా కాచి, మూతపెట్టి కుదిపి, మూత తీసి వాసన చూడాలి. గవర్రాజుగారు కళ్ళు మూసుకుని పీల్చాడు.

"కొబ్బర్నూనండి," అన్నాడు.

హాలు గతుక్కుమంది.

"నీళ్ళలో కొబ్బరినూనె ఎలా వస్తుంది?" అన్నాడు ఏ.ఈ. సోమలింగం. ఫిల్టరు బాధ్యత ఆయనదే.

"నీళ్ళలో అన్లేదండి. కమిషనరుగారి తల్లోంచొస్తంది. ఆయ్. మీ జేబులో వక్కపొడి కూడా ఉందండి, పచ్చకర్పూరం వేసింది. మేష్టారు పొద్దున్నే కాఫీ రెండుసార్లు తాగేరు."

కమిషనరుగారు తన వంతుకి కుప్పె అందుకుని, పీల్చి, "నాకేమీ వాసన లేదు. నీళ్ళు ఉత్తీర్ణం," అన్నారు. కానీ ఒక ముక్కు 'ఉంది' అన్నప్పుడు పరీక్ష చెల్లదుట. ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. ఘ్రాణ సంఘ సభ్యులు పరీక్షకు ముందు కాఫీ, టీ, వక్కపొడి, తలనూనె, పౌడరు, అగరుబత్తి వగైరాలకు దూరముగా ఉండవలెను. నేను కాఫీ మానేశాను. ఇంట్లో నాకు మాట్లాడే తోడు అదొక్కటే అయినా, ఊరి మంచి కోసం కదా అనుకున్నాను.

రెండో పరీక్షలో గవర్రాజుగారు పక్కింట్లో వంకాయ కాలుస్తున్నారన్నాడు. నిజమే. మునిసిపాలిటీ గోడ వెనక వాచ్‌మన్ వంట చేసుకుంటున్నాడు. కమిషనరుగారు సర్క్యులరు మళ్ళీ తెరిచారు. "సంపూర్ణ రక్షణ అన్నారు. సభ్యుణ్ణి రక్షించి, అతని వీధిని వదిలేస్తే అది అసంపూర్ణ రక్షణ అవుతుంది. అసంపూర్ణ రక్షణ ఉత్తర్వుల ఉల్లంఘన."

అలా మా కరణంగారి వీధి 'ఘ్రాణ పరిరక్షణ పరిధి' అయింది. వీధి రెండు చివర్లా బోర్డులు పాతారు. పోపులు నిషిద్ధం. సాంబ్రాణి నిషిద్ధం. మిరపకాయలు దంచుట, ఆవాలు విసురుట, ఎండుచేపలు వేయించుట కఠినముగా నిషిద్ధం.

ఆ బోర్డు పాతిన పూటే వరహాలమ్మ మా గుమ్మంలోకి వచ్చింది.

వరహాలమ్మది మా గోడ పక్క ఇల్లు. వేసవిలో ఆవకాయ పెట్టి అమ్ముతుంది. రాజమండ్రి నించి హైదరాబాదు దాకా ఆవిడ జాడీల కోసం ఎదురుచూసే ఇళ్ళున్నాయి. ఏడాది పొడుగునా ఆవిడ పొయ్యి మండేది ఈ కాసిని రోజుల సంపాదనతోనే. కాయ ముదిరి టెంక కట్టాక మొదలుపెట్టాలి, మొదటి వాన పడేలోపు ముగించాలి. వాన పడ్డాక కాయలో పులుపు చస్తుంది, ముక్క జాడీలో మెత్తబడిపోతుంది. అప్పటికే ఆవిడ వరండాలో కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు గుట్టగా పోసి ఉన్నాయి.

"మేష్టారూ, మీ ముక్కుకి నా ఆవపిండి అడ్డమంటండీ?"

"నేనన్లేదమ్మా."

"మీరంటే ఏంటి, మీ ముక్కంటే ఏంటండీ? రెండూ ఒక్క మొహం మీదే కదా ఉన్నాయి."

"కమిషనరుగారి ఉత్తర్వమ్మా అది. నేను..."

"కమిషనరుగారు వేరే వీధిలో ఉన్నారు. మీరు పక్కింట్లో ఉన్నారు. నేను ఎవర్ని తిట్టుకోవాలో మీరే చెప్పండి." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "కాయ ఆగదండి. మబ్బు కూడా ఆగదు. ఈ సీజను పోతే నేను మళ్ళీ వేసంగి దాకా ఏం తింటానండీ, మీ సర్క్యులరా?"

కామేశ్వరి చివరి రోజుల్లో ఏదీ సయించక పెదవి కదపకపోతే, ఈవిడే పాత ఆవకాయ ఊటలో వేలు ముంచి నాలిక మీద రాసేది. అది మాత్రం ఆవిడ ఉమ్మేసేది కాదు. ఇది నేను వరహాలమ్మకి గుర్తుచెయ్యలేదు. ఆవిడా గుర్తుచెయ్యలేదు. చెప్పులేసుకుని మునిసిపాలిటీకి వెళ్ళాను.

"ఘ్రాణ సంఘానికి రాజీనామా చేస్తానండీ," అన్నాను.

కమిషనరుగారు ఎంతో ఆప్యాయంగా కుర్చీ చూపించారు. "చెయ్యండి మేష్టారూ. సభ్యత్వానికి మీరు రాజీనామా చేసుకోవచ్చు. కానీ గెజిట్లో ప్రకటించింది మిమ్మల్ని కాదు, మీ ముక్కుని. ముక్కు రాజీనామా చెయ్యాలంటే అది స్వయంగా, మీ ప్రమేయం లేకుండా చెయ్యాలి."

"మరి ముక్కు నా వీధిలోనే ఉంటుంది గదండీ?"

"ఉంటుంది. కనక పరిధీ ఉంటుంది. మీరు అనవసరంగా ముక్కుకి ఒత్తిడి కలిగించకండి. అది ఇప్పుడు పట్టణ ఆస్తి." బల్ల సొరుగులోంచి మెత్తటి రుమాళ్ళ కట్ట తీసి నాకిచ్చారు, మునిసిపాలిటీ ముద్ర వేసినవి. రుమాళ్ళు మాత్రం మంచివే.

ఆ తరవాత పరిధి పెరిగింది. గవర్రాజుగారి ముక్కు మా వీధి దాటి పక్క వీధి, దాని పక్క వీధి వాసనలు పట్టడం మొదలుపెట్టింది. ఆయన ఎక్కడ ఏ వాసన ఉందంటే అక్కడికి బోర్డు జరిగింది. చివరికి వార్డంతా పరిధే. 'వాసన వాచర్లు' అని ఆకుపచ్చ టోపీల వాళ్ళని వేశారు. సెంటర్లో హోటలు పోపు లేని ఉప్మా పెట్టింది. మల్లెపూలమ్మాయి పూలని టిఫిను కారియర్లో మూతపెట్టి, "పూలు, కనపడని పూలు" అని అరుస్తూ తిరిగింది. గుళ్ళో పూజారి కర్పూరం వెలిగించకుండానే పళ్ళెం గుండ్రంగా తిప్పి, భక్తుల్ని కళ్ళకి అద్దుకున్నట్టు అనుకోమన్నాడు. ఎవరింటికో చుట్టాలు పనసపండు తెస్తే వాచర్లు దాన్ని పట్టుకుని పోలీసు స్టేషన్లో పెట్టారు. స్టేషనంతా పనస వాసనేసింది. అప్పుడు నిబంధనల ప్రకారం స్టేషన్నే వార్డు పొలిమేర దాటించి టెంటులోకి మార్చారు. పనసపండు మాత్రం ఖాళీ స్టేషన్లో ఒంటరిగా మగ్గింది.

ఇంత చేశాక ముక్కులు ఎలా తయారవుతాయో ఎవరూ ఆలోచించలేదు. ఏ వాసనా లేని చోట పెరిగిన ముక్కు గడ్డపారలా పదునెక్కుతుంది. తరవాతి పరీక్షలో గవర్రాజుగారు కుప్పె మూత తియ్యకుండానే చెప్పాడు.

"ఇనప గొట్టమండి. అద్దం వాసనండి. కుప్పె కడిగిన ముత్యాలమ్మ నిన్న తోటకూర తింది. దానికింద..." ఆగి, ఇంకోసారి పీల్చాడు. "దానికింద మన పాత వాసనండి. గోనెసంచి."

నాకూ తెలిసింది. పాత వాసన తిరిగొచ్చేసింది. ఇళ్ళలో కూడా అప్పటికే గొణుగుడు మొదలైంది.

"బొగ్గు తూట్లు నిండిపోయాయండి," అన్నాను. "కొత్తది పొయ్యాలి. ఆ మాట మొదటి రోజే మైకులో చెప్పాను, మైకు చెప్పలేదు."

"బొగ్గు నిండిందనడానికి ఆధారం?"

"నీళ్ళు వాసనేస్తున్నాయి గదండీ."

"అది మీ ముక్కు సాక్ష్యం. ముక్కు మీద పరిసరాల ప్రభావం ఉండొచ్చు," అన్నారు కమిషనరుగారు. కానీ సోమలింగం పాపం మంచివాడే. పైవాళ్ళని బతిమాలి కొత్త బొగ్గు తెప్పించాడు. ఫిల్టరులో పాత బొగ్గు తోడి పారపోశారు. కొత్త బొగ్గు బస్తాలు ట్యాంకు కింద దింపారు. రేపు పొయ్యడమే తరువాయి.

సరిగ్గా ఆ సాయంత్రమే కమిషనరుగారికి ఆలోచన వచ్చింది. పురస్కారం తనిఖీ బృందం త్వరలో వస్తోందని కబురందింది. ఆయన సోమలింగాన్నీ, మమ్మల్నీ కూర్చోపెట్టి పలక మీద బొమ్మ గీశారు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ముక్కు, మధ్యలో బొగ్గు.

"వాసన నీళ్ళ దగ్గర మొదలై ముక్కు దగ్గర ముగుస్తుంది. అవునా? ఈ దారిలో ఎక్కడో ఓ చోట బొగ్గు అడ్డుపెట్టాలి. ఇంతకాలం మనం నీళ్ళ వైపు పెట్టాం. నీళ్ళు లక్షల లీటర్లు. ముక్కులు మూడు. బొగ్గు ఎక్కడ పెడితే పొదుపు?"

సోమలింగం నోరు తెరిచాడు. "అంటే... ముక్కులకి..."

"రక్షణ! సంపూర్ణ రక్షణ! పరీక్ష సమయంలో రక్షణ తొలగించమని సర్క్యులర్లో ఎక్కడైనా ఉందా?"

లేదు. అందరం కలిసి వెతికాం. నిజంగానే లేదు.

మర్నాటికల్లా మూడు ముక్కు సంచులు కుట్టించారు. పల్చటి గుడ్డ, లోపల గుప్పెడు చిప్పబొగ్గు, చెవుల వెనక్కి నాడాలు. నోటికి అడ్డం లేదు, ముక్కు మీదే కూర్చుంటుంది. కట్టుకుని కుప్పె మీదికి వంగాం. నేను ఎంత పీల్చినా ఏమీ రాలేదు. గవర్రాజుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గుడ్డోడినైపోయేను మేష్టారూ," అని నెమ్మదిగా నా చెవిలో అన్నాడు. కమిషనరుగారు చప్పట్లు కొట్టారు. ఘ్రాణ సంఘం ఏకగ్రీవం. నీళ్ళు ఉత్తీర్ణం.

"తనిఖీ వాళ్ళు సంఘాన్నే కాక, ఇళ్ళల్లో జనాన్ని కూడా అడుగుతారండీ," అన్నాడు సోమలింగం భయంభయంగా.

"జనానికి మాత్రం ముక్కులు లేవా? వివక్ష దేనికి?" అన్నారు కమిషనరుగారు.

ట్యాంకు కింద బస్తాలన్నీ విప్పారు. డ్వాక్రా సంఘాల వాళ్ళు రాత్రింబవళ్ళు కుట్టారు. వార్డులో ప్రతి ముక్కుకీ ఒక సంచి. చిన్న ముక్కులకి చిన్న సైజు. నల్లటి సంచులతో వీధి పొడుగునా మనుషులు ఎలుగుబంట్ల పెళ్ళికి బయల్దేరినట్టుండేవాళ్ళు. ఫిర్యాదులు ఆ రోజుతో ఆగిపోయాయి. ఉక్కు డ్రమ్ము మాత్రం ట్యాంకు పక్కన ఖాళీగా నిలబడి ఉంది. దానిలోంచి చెరువు నీళ్ళు ఏ అడ్డూ లేకుండా హాయిగా పారుతున్నాయి.

నేనూ కట్టుకుని తిరిగాను. ఇంట్లో అన్నం అన్నంలా లేదు, వేడి తెలిసే మెత్తటి పదార్థంలా ఉంది. ఒక మధ్యాహ్నం కామేశ్వరి బీరువా తెరిచాను. ఆవిడ చీరల మడతల్లో మొగలిరేకులు పెట్టేది. ఆ రేకులు ఎండి కాగితాలైపోయినా, తలుపు తియ్యగానే చిన్నగా పలకరించేవి. ఆ రోజు ఎవరూ పలకరించలేదు. పరాయి ఇంట్లో బీరువా తెరిచినట్టు సిగ్గేసింది. కిటికీలో ఆకుపచ్చ టోపీ లేదని చూసుకుని, సంచి ఒక్క క్షణం కిందికి లాగాను. ఉంది. ఎక్కడికీ పోలేదు. మళ్ళీ కట్టుకున్నాను.

అప్పుడే గోడ అవతల వరహాలమ్మ దగ్గడం వినపడింది. కాయలు పక్కకి సర్దుతోంది. కొన్నిటికి పసుపు తిరుగుతోంది. పడమటి వైపు ఆకాశం బూడిదరంగులో ఉంది. ఆ బీరువా దగ్గర నిలబడే నాకో తర్కం తట్టింది. కమిషనరుగారి దగ్గర ఇన్నాళ్ళు కూర్చున్న ఫలితం కావచ్చు.

"అయ్యా," అన్నాను ఆయన ఎదట నిలబడి, వీలైనంత గంభీరంగా. "వార్డులో ముక్కులన్నీ సంపూర్ణ రక్షణలో ఉన్నాయి కదండీ?"

"నూటికి నూరు పాళ్ళు."

"మరి వరహాలమ్మగారి ఆవపిండి ఘాటు ఎవరి ముక్కుకి తగులుతుందండీ? తగులుతుందని నిషేధం కొనసాగిస్తే, మన సంచులు పనిచెయ్యడం లేదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. తనిఖీ బృందం అడిగితే..."

కమిషనరుగారు సర్క్యులరు ఇంకోసారి తిరగేశారు. "ఒప్పుకోవడం మన విధానం కాదు," అన్నారు చివరికి. "నిషేధం రద్దు. పైగా, ఆవకాయ పెడుతున్న వీధిలో ఒక్కరికీ వాసన తగలకపోవడమంటే, అంతకన్నా గొప్ప ప్రదర్శన ఏముంది? తనిఖీ రోజునే పెట్టమనండి. అందరి ఎదటా!"

ఆ వార్త చెబితే వరహాలమ్మ నన్ను దీవించలేదు. "కత్తిపీట పదును పెట్టించాలి," అంది. అంతే. కానీ గబగబా లోపలికి పోయిన ఆ నడకలోనే నాకు చాలినంత ఉంది.

తనిఖీకి డైరెక్టరు తిలోత్తమగారు వచ్చారు, ఇద్దరు అధికారులతో. వార్డు పొలిమేరలోనే వాళ్ళకీ మూడు సంచులు పూలదండల్లా వేసి ముక్కులకి కట్టారు. గౌరవం అనుకుని కట్టించుకున్నారు. కమిషనరుగారు వాళ్ళని వీధి వెంట నడిపిస్తూ ఒక్కో ఇంటి ముందూ ఆగి, "అమ్మా, మీ కుళాయి నీళ్ళు వాసనగా ఉన్నాయా?" అని అడిగేవారు. "లేదండీ" అనేవాళ్ళు. నిజమే చెప్పారు.

వరహాలమ్మ అరుగు దగ్గరికి వచ్చేసరికి అక్కడ పెద్ద ఇత్తడి బేసిన్లో ఆవకాయ కలపడం అయిపోయింది. ముక్కలు జాడీకి ఎత్తేసింది. బేసిను గోడలకి అంటుకున్న కారం, ఆవపిండి, నూనె ఎర్రగా మెరుస్తున్నాయి. మా వైపు ఏ ఇంట్లోనైనా ఆ బేసిను అలా కడగరు. అందులో వేడి అన్నం గుమ్మరించి, కలిపి, ముద్దలు చేసి చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో పెడతారు. అధికారులైనా సరే. వరహాలమ్మ అన్నం గుమ్మరించింది, నెయ్యి ఒంపింది, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది.

"చెయ్యి పట్టండమ్మా," అని తిలోత్తమగారి చేతిలో మొదటి ముద్ద పెట్టింది. ఆవిడ మర్యాదకి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు.

"కారంగా ఉంది," అన్నారు అనుమానంగా. "అంతేనా?"

వరహాలమ్మ మొహం చిన్నబోయింది. తరవాత ఆ నల్ల సంచి కేసి చూసింది. "అంతే ఎందుకవుద్దమ్మా? ముక్కు మూసుకుని తింటే కారమే మిగులుద్ది. ఆ సంచి ఓపాలి తీసి తినండి. తిన్నాక మళ్ళీ కట్టుకుందురుగాని."

కమిషనరుగారు ముందుకి ఉరికారు. "మేడం, రక్షణ... సంపూర్ణ..."

మేడం అప్పటికే సంచి గడ్డం కిందికి లాగేశారు. గట్టిగా గాలి పీల్చారు. కొత్త ఆవపిండి, పచ్చి మామిడి, నువ్వులనూనె, నెయ్యి. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. రెండో ముద్దకి తనే చెయ్యి చాపారు. ఆ చెయ్యి చాపడం చూసి గవర్రాజుగారు సంచి తెంపి పారేశాడు. ఇంక ఎవరూ ఆగలేదు. వీధిలో నాడాలు పటపటమన్నాయి. "నాకమ్మా," "మా పిల్లకొకటి పిన్నీ," "ఇద్దరికీ సరిపడా పెట్టొదినా" అంటూ చేతులే చేతులు. వాచర్లు టోపీలు పట్టుకుని మరీ వరసలో నిలబడ్డారు. సోమలింగం రెండు ముద్దలు తిని, మూడోది కమిషనరుగారి చేతిలో పెట్టాడు.

కమిషనరుగారు సంచి తీసి తిన్నారు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తరవాత ఆవఘాటు నషాళానికి అంటింది. ఆయన తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. ఏళ్ళ తరబడి పేరుకున్న రొంప ఆ తుమ్ములతో కదిలి, మునిసిపాలిటీ రుమాలు మీద రాజీనామా చేసింది.

అందరి నోళ్ళూ మండుతున్నాయి. "నీళ్ళు! నీళ్ళు!" అన్నారు. చుట్టుపక్కల ఇళ్ళలోంచి చెంబులు, గ్లాసులు, బిందెలు వచ్చాయి, అన్నీ కుళాయి నీళ్ళే. వీధంతా ఒకేసారి గ్లాసెత్తి నోటికి ఆనించుకుంది.

వీధంతా ఒకేసారి గ్లాసు దించింది.

"అబ్బ! ఏంటిది?" అన్నారు తిలోత్తమగారు, గ్లాసుని మొహానికి దూరంగా పట్టుకుని.

"ఎవరో..." కమిషనరుగారు ముక్కు ఎగబీల్చి, ఇంకోసారి ఎగబీల్చారు. ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం. "ఎవరో తడి గోనె... సోమలింగం, ఈ నీళ్ళు ఇలా ఉంటాయా?"

"ఉంటాయండి," అన్నాడు సోమలింగం.

"ఎప్పటినించి?"

"బొగ్గు తీసినప్పట్నించండి."

"ఫిల్టరులో బొగ్గు లేదా?" అన్నారు తిలోత్తమగారు. "మరి మేం పంపించిన కొత్త బొగ్గంతా ఎక్కడుంది?"

సోమలింగం ఆవకాయ చేత్తోనే వీధి చివరి దాకా చూపించాడు. "ముక్కుల్లో ఉందండి."

వరహాలమ్మ తన కారపు చెయ్యి కొంగుకి తుడుచుకుని, అరుగు దిగి, పక్కింటావిడ మెళ్ళో వేలాడుతున్న సంచి కుట్లు పళ్ళతో కొరికి, బొగ్గు చెంబులోకి ఒంపింది. "నా నోరు మండిపోతంది. నాక్కాసిని మంచినీళ్ళు కావాలి," అని చెంబు పట్టుకుని ట్యాంకు వైపు నడిచింది. వెనక ఒకరు, ఆ వెనక ఇంకొకరు. నేను నాది విప్పి దోసిట్లో పోసుకున్నాను. సోమలింగం పరిగెత్తుకెళ్ళి డ్రమ్ము మూత తెరిచాడు. నిచ్చెన మీద నిలబడ్డ మనిషికి కింద నించి చేతులు మారుతూ చెంబులు, గిన్నెలు, టోపీలు అందాయి. తిలోత్తమగారి సంచి కూడా అందులోనే పడింది. బొగ్గుమసి పోయేదాకా నీళ్ళు వదిలేసి, మళ్ళీ కుళాయిలకి తిప్పేసరికి పొద్దు వాలింది. వీధి కుళాయి దగ్గర గవర్రాజుగారు దోసిలి పట్టి, కళ్ళు మూసుకుని పీల్చాడు. అందరం ఆయన మొహమే చూశాం.

"ఏం లేదండి," అన్నాడు. "ఏమీ లేదు. ఆయ్!" అని, ఆ దోసెడు నీళ్ళూ గటగటా తాగేశాడు.

తిలోత్తమగారు పురస్కారం సంగతి ఎత్తలేదు. కారెక్కుతూ జాడీ ఎప్పటికి తయారవుతుందని మాత్రం అడిగారు. బోర్డులు ఆ సాయంత్రమే పీకేశారు.

ఉరుము ఆ మర్నాడు వినపడింది. వరహాలమ్మ వరండాలో కాయల గుట్ట మూడొంతులు అలాగే ఉంది. ఉత్తర్వు తినేసిన రోజులు ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. ఆవిడ ఒక్కతే కత్తిపీట ముందు కూర్చుంది. నేను వెళ్ళి గుడ్డ తీసుకుని ముక్కలు తుడవడం మొదలుపెట్టాను. కాసేపటికి గవర్రాజుగారు వచ్చి కత్తిపీట తను అందుకున్నాడు. పక్కిళ్ళవాళ్ళు టెంకలోని జీడి తీసే పనికి కూర్చున్నారు. సోమలింగం ఉప్పు కొలిచాడు. ఆకుపచ్చ టోపీల వాళ్ళకి ఇంక పనిలేదు కనక జాడీలు మోశారు.

కమిషనరుగారు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. క్షమాపణ చెప్పే అలవాటు లేని మనిషి. వరండా మెట్టు మీద కాసేపు నిలబడ్డారు. మామిడి వాసన లోపలికి తీసుకున్నారు. అది ఆయనకి ఇంకా కొత్త. తరవాత పంచె ఎగ్గట్టి, కోసిన ముక్కల కుప్ప ముందు చతికిలబడి, ఒక్కోటీ తిప్పి చూడటం మొదలుపెట్టారు. ఒక ముక్కకి వెనక గట్టి పెంకు ఊడిపోయి ఉంది. ఆయన దాన్ని పైకెత్తి పట్టుకుని, అలవాటైన గొంతుతో అందరికీ వినపడేలా అన్నారు.

"ప్రతి ముక్కకూ విధిగా టెంక ఉండవలెను. టెంక లేని ముక్క తక్షణమే తొలగించబడును. ఉత్తర్వు."

వరహాలమ్మ తల ఎత్తింది. ఆయన్నీ, చేతిలో ముక్కనీ చూసింది.

"ఇన్నాళ్ళకి పనికొచ్చే మాటన్నారు బాబూ," అంది. "అలాగే తొలగించండి. తొందరగా, వానొస్తంది."